ట్యాంకర్ బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి: ఇంకుడు గుంత, తడి చెత్త... ముందు ఏది?

బీబ్లాక్_సెక్రటరీ | మే 4, రాత్రి 10:41

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పడమటి వైపు 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. కట్టి పద్నాలుగేళ్లయింది. జనవరి మీటింగప్పుడు నేను ఊళ్లో లేను. తిరిగొచ్చేసరికి నన్నే సెక్రటరీని చేసి కూర్చోబెట్టారు. రానివాళ్లకే పదవులిస్తారని అప్పుడే తెలిసింది.

మూడు బోర్లలో రెండు ఫిబ్రవరిలోనే చేతులెత్తేశాయి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. ఏప్రిల్‌లో 87 ట్యాంకర్లు తెప్పించాం. 5,000 లీటర్ల ట్యాంకరు ₹900 చొప్పున ₹78,300 అయింది. మెయింటెనెన్స్ కాక ఫ్లాటుకు ఇంకో ₹1,631 వేస్తే గ్రూపులో నన్ను దొంగను చేశారు.

రెండో తలనొప్పి చెత్త. గేటు పక్కన డబ్బాలు, వాటి చుట్టూ కుక్కలు. ఎండుటాకులు వాచ్‌మన్ పొద్దున్నే పోగేసి అంటిస్తాడు. ఐదో అంతస్తులో ఆయాసం ఉన్న పెద్దాయన కిటికీలోంచి కేకలేస్తాడు.

నిన్న మీటింగ్ పెడితే 11 మంది వచ్చారు. అందులో ఇద్దరు పార్కింగ్ గొడవ కోసం వచ్చినవాళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత డబ్బు అడగాలి? చేసినవాళ్లు చెప్పండి. చదివిన వ్యాసాలు మాత్రం పంపకండి, అవి నేనూ చదివాను.

---

విశ్రాంత_ఏఈ | మే 5, ఉదయం 5:50

బాబూ, ముందు లెక్క వెయ్యి, తర్వాత గుంత తవ్వుదువు గాని.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఇది గుర్తుంటే చాలు, కన్సల్టెంటు అక్కర్లేదు. మీ టెర్రస్ ఎంత? 48 ఫ్లాట్లంటే తక్కువలో తక్కువ 6,000 చదరపు అడుగులు ఉంటుందనుకుంటా. అంటే దాదాపు 557 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే నాలుగున్నర లక్షల లీటర్లకు కాస్త తక్కువ. ఆవిరి, చిందడం, మొదటి మురికి నీళ్లు పోగా ఐదో వంతు తీసేసినా మూడున్నర లక్షల లీటర్లు మిగులుతాయి. మీ ట్యాంకర్లలో చెప్పాలంటే 71. అంటే ఏడాది పొడవునా పట్టినా మీ ఏప్రిల్ నెల కూడా పూర్తిగా గడవదు. ఇది ముందే మీవాళ్లకి చెప్పు. లేకపోతే వచ్చే వేసవిలో మళ్లీ దొంగవి అవుతావు.

రెండు దారులున్నాయి. టెర్రస్ నీళ్లు వడకట్టి సంపులోకి పంపితే వాన పడ్డ రోజే ట్యాంకరు తగ్గుతుంది, కంటికి కనిపిస్తుంది. బోరు చుట్టూ ఇంకిస్తే ఫలితం ఆలస్యం, కంటికి కనిపించదు. ముందు కనిపించేది చెయ్యి.

---

అద్దెకున్నోడు | మే 5, ఉదయం 9:15

ఏఈ సార్ లెక్క బాగుంది. నాదొక మాట. నేను మూడు అపార్ట్‌మెంట్లలో అద్దెకున్నా, మూడింట్లోనూ ఇంకుడు గుంత ఉంది. ఒకదానిమీద బైక్‌లు పెడుతున్నరు. ఒకదాంట్ల సిమెంట్ సంచులు నింపిన్రు. మూడోది కట్టేటప్పుడు అనుమతి కోసం ఫోటో దిగి మూసేసిన్రట. మీ అపార్ట్‌మెంట్‌ల ఉందో లేదో ముందు చూడున్రి, కొత్తది తవ్వుడు తర్వాత.

ఇంకోటి. మీటింగ్‌కి అద్దెకున్నోళ్లని పిలిచిన్రా? ఓనర్లనే పిలుస్తరు. నీళ్లు వాడేది మేము, చెత్త వేసేది మేము, మీటింగ్‌ల కూసునేది మాత్రం అమెరికాలున్న ఓనర్ తరఫున వాళ్ల బావమరిది.

---

బీబ్లాక్_సెక్రటరీ | మే 5, రాత్రి 9:30

@అద్దెకున్నోడు, మీ మాటకు వెళ్లి చూశాను. ఉంది! జనరేటర్ వెనక. మూత మీద తులసి కోట.

మా 48లో 22 ఫ్లాట్లు అద్దెకే ఉన్నాయి. వాళ్లలో ఒక్కరినీ పిలవలేదు. తప్పు నాదే.

---

పన్నుకడుతున్నా | మే 6, మధ్యాహ్నం 1:05

నాకొక్కటే సందేహం. ఇంటి పన్ను కడుతున్నాం, నీళ్ల బిల్లు కడుతున్నాం. మళ్లీ మన చెత్త మనమే కుళ్లబెట్టుకుని, మన నీళ్లు మనమే పట్టుకుంటే ఆ పన్ను ఎందుకు? ఇదంతా చేతగాని వ్యవస్థకి మనం ఉచితంగా చాకిరీ చెయ్యడం కాదా? ఆదివారం నా పిల్లలతో గడపాలా, చెత్తతో గడపాలా?

---

సర్జాపూర్_వాసి | మే 6, సాయంత్రం 6:22

@పన్నుకడుతున్నా, కోపం న్యాయమే అండీ. మాదీ అదే కోపం. బెంగళూరులో 2024 మార్చి నీళ్ల కరువులో ఆ కోపంతో బకెట్ నిండలేదు. తాగునీళ్లతో కారు కడిగితే, మొక్కలకు పోస్తే ₹5,000 జరిమానా అన్నారు. అప్పుడు మా చుట్టుపక్కల కాస్త ధీమాగా ఉన్నది అంతకు ముందే సొంతంగా ఏదో ఒకటి చేసుకున్న లేఅవుట్లే.

మా రోడ్డులో రెయిన్‌బో డ్రైవ్ అని ఒక లేఅవుట్ ఉంది. ఎవరి ప్లాటులో వాళ్లు బోరు వేసుకోకూడదని వాళ్లే కట్టడి పెట్టుకున్నారు. నీటికి శ్లాబుల ధర పెట్టారు, ఎక్కువ వాడేవాళ్లకి రేటు పెరుగుతూ పోతుంది. ఇళ్లలో, వీధుల్లో ఇంకుడు బావులు తవ్వించారు. మొదట్లో అక్కడా గొడవలే. చదివి నవ్వుకోకండి గానీ, చాలామందిని ఒప్పించింది పర్యావరణం కాదు, బిల్లు.

ఒక ముచ్చట చెప్పాలి. మా వైపు ఈ బావులు తవ్వేది మన్ను వొడ్డర్లు. తరతరాలుగా అదే పని. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు యాసే. మూడడుగుల వెడల్పు, ఇరవై ముప్పై అడుగుల లోతు, సిమెంటు ఉంగరాలు దించుకుంటూ తవ్వుతారు. మా లేఅవుట్‌లో తవ్విన పెద్దాయన పిడికెడు మట్టి తీసి నలిపి "ఇక్కడ గుంజుతుంది, అక్కడ గుంజదు" అని చెప్పాడు. మా సంఘంలో నలుగురు ఇంజనీర్లం ఉన్నాం. నోరు మూసుకుని ఆయన చూపించిన చోటే తవ్వించాం.

---

విశ్రాంత_ఏఈ | మే 7, ఉదయం 5:45

అక్కడి మట్టి వేరు, ఇక్కడి రాయి వేరు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పైన కొంత మట్టి, మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు దొరికిన బోరుకి నీళ్లు, పక్కనే పదడుగుల దూరంలో దుమ్ము. అందుకే మన దగ్గర ఉత్త గుంత కన్నా ఎండిన బోరు చుట్టూ వడపోత గుంత కడితే మేలు. ఆ బోరు ఎప్పుడో ఒకప్పుడు నీళ్లిచ్చింది కాబట్టి దారి ఉందని తెలుసు.

పద్ధతి రాస్తాను, మేస్త్రీకి చూపించు. ఎండిన బోరు చుట్టూ ఆరడుగుల చదరం, ఎనిమిదడుగుల లోతు. గుంతలో ఉన్నంత మేర బోరు గొట్టానికి (కేసింగ్ పైపు) సన్న గాట్లు పెట్టి నైలాన్ జాలీ రెండు మూడు చుట్లు చుట్టాలి. అడుగున 40 ఎంఎం కంకర, మీద 20 ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక. గుంతకి ముందు ఒక చిన్న తొట్టి కట్టు, బురద అక్కడే దిగిపోవాలి. ఆ తొట్టి లేకుండా కట్టిన గుంత రెండో వానాకాలానికి గట్టిపడుతుంది. ఏటా మే నెలలో పై ఇసుక ఒక జానెడు తీసి కడగాలి లేదా కొత్తది వెయ్యాలి.

టెర్రస్ నీళ్లు మాత్రమే. పార్కింగ్‌లో పడ్డ నీళ్లు, ఆయిల్ కలిసినవి, బోరులోకి వదిలితే వీధి మొత్తానికి విషం పెట్టినట్టే. కింద నీటికి కాంపౌండ్ గోడ ఉండదు. నువ్వు ఇంకించింది పక్కవాడి బోరులోకీ పోతుంది. వాడు తోడింది నీదీ అవుతుంది. కాబట్టి మీ వీధిలో మిగతా అపార్ట్‌మెంట్ల సెక్రటరీలతో కూడా మాట్లాడు.

---

సోలార్‌పిచ్చి | మే 7, ఉదయం 11:10

టెర్రస్ మాట వచ్చింది కాబట్టి దూరుతున్నా. పీఎం సూర్య ఘర్ సోలార్ పథకంలో అపార్ట్‌మెంట్ సంఘాలకి కూడా సబ్సిడీ ఉంది. లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి కరెంటుకి కిలోవాట్‌కి ₹18,000. ఒక కిలోవాట్‌కి దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. ప్యానెళ్ల మీద పడ్డ వాన కూడా అదే పైపులోకి...

---

కొబ్బరిపొట్టు | మే 7, మధ్యాహ్నం 3:40

@సోలార్‌పిచ్చి తమ్ముడూ, ఏ చర్చయినా నువ్వు ప్యానెళ్ల దగ్గరకే తెస్తావు. కొత్త చర్చ పెట్టు, అక్కడికి వస్తాం.

సెక్రటరీ గారూ, మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. ఆరేళ్ల నుంచి తడి చెత్తతో ఎరువు చేస్తున్నాం. మొదటి మూడు నెలలు మా అపార్ట్‌మెంట్‌లో నన్ను చూస్తే లిఫ్టు తలుపు మూసేసేవారు. ఎందుకో చెప్తాను.

వంటింటి చెత్త ఒక్కటే డ్రమ్ములో వేశాం. అది చాలా తడి. గాలి ఆడదు, కుళ్లిన గుడ్డు వాసన. తెల్ల పురుగులు డ్రమ్ము ఎక్కి బయటికి పాకాయి. ఒకావిడ చీర మీద పడింది, ఇక చూడండి. నిజానికి ఆ పురుగులు ఏమీ చెయ్యవు, చెత్తని తినిపెడతాయి. కానీ ఆ రోజు ఆవిడకి నేను అది చెప్పే పరిస్థితి లేదు.

తడికి పొడి కలపాలి. ఎంత చెత్త వేస్తే కొలతకి కనీసం అంత ఎండుటాకు, లేదా కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు. మీ వాచ్‌మన్ రోజూ తగలబెట్టే ఆకులున్నాయే, అవి బంగారం! మేము ఆకుల కోసం పక్క వీధుల్లో అడుక్కున్నాం. మీరు మంట పెడుతున్నారు. పైగా బయట చెత్త కాలిస్తే ₹5,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. పెద్ద ఎత్తున కాలిస్తే ₹25,000. ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించండి.

మొదటిసారి పుల్ల మజ్జిగ గానీ పేడ నీళ్లు గానీ చల్లండి, అంతకు మించి మందులు కొనకండి. మూడు రోజులకోసారి తిరగెయ్యాలి. పిడికిట్లో పిండితే చెమ్మ తెలియాలి, నీళ్లు కారకూడదు. ముక్కు పొడిచే ఘాటు వస్తే పచ్చి ఎక్కువైనట్టు, ఆకులు కలపాలి. నలభై నుంచి అరవై రోజుల్లో అడవి మట్టి వాసన వస్తుంది.

---

హేమ_204 | మే 7, రాత్రి 8:55

అందరూ పైపులు, కంకర, మజ్జిగ గురించి చెప్తున్నారు. ఒక్కరూ అడగని మాట నేను అడుగుతాను. రోజూ ఇవన్నీ చేసేది ఎవరు?

మా అపార్ట్‌మెంట్‌లో (సికింద్రాబాద్) రెండేళ్ల క్రితం ఎరువు మొదలుపెట్టారు. కమిటీ వాళ్లు ఫోటో దిగారు, కేకు కోశారు. తర్వాత అన్ని ఇళ్ల డబ్బాలూ వాచ్‌మన్ భార్య మోసింది. కలిసిన చెత్త ఆవిడే చేత్తో వేరు చేసింది. డైపర్లు, ప్యాడ్లు, బ్లేడు ముక్కలు. చేతి తొడుగులు ఇవ్వలేదు, జీతం పెంచలేదు. బ్లేడు తెగి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది, ఆ వారంలోనే డ్రమ్ములకి మూతలు పడ్డాయి. ఇప్పుడు వాటిలో పాత పేపర్లు దాస్తున్నారు.

సెక్రటరీ గారూ, మీ బడ్జెట్‌లో మొదటి పద్దు జీతం రాయండి. కంకర తర్వాత.

---

పన్నుకడుతున్నా | మే 7, రాత్రి 9:20

హేమ గారు చెప్పింది నా మాటకంటే గట్టిగా ఉంది. నేను "మనతో ఉచిత చాకిరీ" అన్నాను. నిజంగా ఉచితంగా చేసింది మనం కాదన్నమాట.

---

బీబ్లాక్_సెక్రటరీ | మే 8, ఉదయం 7:05

రాత్రంతా ఇదే ఆలోచించాను. నేను వేసుకున్న అంచనాలో డ్రమ్ములకి, పైపులకి డబ్బు ఉంది. మనిషికి సున్నా. వాచ్‌మన్ భార్య చేస్తుందిలే అనుకున్నాను. అడగను కూడా లేదు.

---

హేమ_204 | మే 8, ఉదయం 7:30

ఆవిడకి పేరుంటుంది కదండీ.

---

బీబ్లాక్_సెక్రటరీ | మే 8, ఉదయం 7:41

రాములమ్మ గారు.

---

ఫ్రీమాంట్_మూర్తి | మే 8, ఉదయం 10:02

కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ 2022 జనవరి నుంచి వంటింటి చెత్త వేరుగా వెయ్యాలని చట్టం. మూడు రంగుల డబ్బాలు, వారానికోసారి బండి వస్తుంది. ఇంత ఏర్పాటు ఉన్నా మా కాంప్లెక్స్‌లో ఆకుపచ్చ డబ్బాలో పిజ్జా డబ్బాతో పాటు ప్లాస్టిక్ చెంచాలు ఉంటాయి. మా అమ్మగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు మూడు రోజుల్లో నేర్చుకున్నారు. పదేళ్లుగా ఉన్న మా పక్కింటాయన ఇంకా నేర్చుకోలేదు. ఊరిదీ దేశానిదీ తేడా కాదనిపించింది. వంటింట్లో పనిచేసేవాళ్లకి చెత్త తెలుసు, చెయ్యనివాళ్లకి తెలియదు.

---

సర్జాపూర్_వాసి | మే 8, మధ్యాహ్నం 12:18

హేమ గారి మాటకి మా దగ్గర దొరికిన జవాబు: వేరు చెయ్యాల్సింది ఇంట్లో, కింద కాదు. బెంగళూరులో "రెండు డబ్బాలు, ఒక సంచి" అని పద్ధతి. తడికి ఆకుపచ్చ డబ్బా, డైపర్ల లాంటివాటికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకి సంచి. తడి చెత్త ప్లాస్టిక్ కవరులో కట్టి ఇస్తే తీసుకోరు. డైపర్, ప్యాడ్ పాత పేపర్లో చుట్టి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాలి, అప్పుడు ఎత్తేవాళ్ల చెయ్యి దానిమీద పడదు.

కలిపి ఇచ్చిన ఇంటి ముందు డబ్బా అలాగే వదిలెయ్యమన్నాం. మొదటి వారం మా ప్రెసిడెంట్ గారి ఇంటి ముందే ఉండిపోయింది. ఆ ఒక్క రోజుతో సగం పని అయింది.

---

విశ్రాంత_ఏఈ | మే 9, ఉదయం 5:52

పెద్దగా ఖర్చు లేని పని మర్చిపోయాం. కొత్త నీళ్లు పట్టేముందు పోతున్న నీళ్లు ఆపు. ప్రతి ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, పావుగంట ఫ్లష్ నొక్కకుండా చూడమను. కింద తొట్టిలో రంగు కనిపిస్తే లీకు. పైన ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లుతుందా? సెన్సర్ పెట్టించు. మోటరు ఆపడానికి మనిషి లేవక్కర్లేదు. ప్రతి ఫ్లాటుకి మీటరు పెడదామని ఎవరో ఒకరు అంటారు. మీది పాత బిల్డింగ్, ఒక్కో ఫ్లాటుకి వంటింటికి, బాత్రూములకి విడివిడి పైపులు దిగుతాయి, నాలుగేసి మీటర్లు కావాలి. దాని జోలికి ఇప్పుడే పోకు. సంపు నుంచి పైకెళ్లే పైపుకి ఒక్క మీటరు పెట్టి, రోజూ రీడింగు లిఫ్టు పక్కన పలక మీద సుద్దతో రాయి. పీఠికలు వద్దు, ఉత్త అంకె.

---

బీబ్లాక్_సెక్రటరీ | జూన్ 14, రాత్రి 11:20

నెల తర్వాత వస్తున్నాను. మంచీ చెడూ రెండూ ఉన్నాయి.

మంచి: రంగు పరీక్ష పెట్టాం. అద్దెకున్నవాళ్లనీ పిలిచాను, ఈసారి 29 మంది వచ్చారు. పిల్లలకి అప్పగించాం, వాళ్లే ఇల్లిల్లూ తిరిగారు. 11 ఫ్లష్ ట్యాంకులు లీకు! అందులో ఒకటి మాదే. ప్లంబరుని ఒకేసారి పిలిపిస్తే బేరం కుదిరింది.

చెడు: ఆరు టెర్రస్ పైపుల్లో నాలుగింటిని సంపుకి కలిపాం. మొన్న మొదటి పెద్ద వాన. అందరం గొడుగులేసుకుని కిందికొచ్చి చూశాం, పెళ్లి చూపుల్లా ఉంది. గంటలో సంపు నిండింది. మర్నాడు కుళాయిల్లో పచ్చ నీళ్లు, ఒక వాసన. టెర్రస్ కడగడం మర్చిపోయాం. పావురాలు ఏడాది పొడవునా చేసిందంతా సంపులోకి దిగింది. 40,000 లీటర్లు పారబోసి, సంపు కడిగించి, మళ్లీ ట్యాంకర్లు. గ్రూపులో ఒకాయన "వాన నీళ్ల పథకానికి ఎనిమిది ట్యాంకర్లు" అని పెట్టాడు. 14 మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పధ్నాలుగు మంది పేర్లూ నాకు గుర్తే.

---

విశ్రాంత_ఏఈ | జూన్ 15, ఉదయం 5:48

మొదటి నీళ్లు పోగా అని రాశానే గానీ వాల్వు సంగతి విడిగా చెప్పలేదు. నా పొరపాటు. పైపు సంపులోకి వెళ్లే ముందు 'T' ఆకారపు పైపు ముక్క పెట్టి, కిందికి వాల్వు. వాన మొదలైన పావుగంట ఆ నీళ్లు బయటికే పోవాలి. నీళ్లు తేటబడ్డాక వాల్వు మూసి సంపుకి తిప్పాలి. టెర్రస్ వానాకాలమంతా ఊడుస్తూనే ఉండాలి. వడకట్టినా సరే, ఆ నీళ్లు వాడకానికే, తాగడానికి కాదు అని కాగితం అంటించు.

దిగులు పడకు. సర్వీసులో నేను కట్టించిన మొదటి చెక్‌డ్యామ్ పక్కనుంచి వాగు చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

---

అద్దెకున్నోడు | జూన్ 15, ఉదయం 9:02

ఏఈ సార్, ఆ కథ కొత్త చర్చ పెట్టి చెప్పాలె.

---

బీబ్లాక్_సెక్రటరీ | ఆగస్టు 3, సాయంత్రం 5:15

వాల్వు పెట్టాం. వాన మొదలైతే తిప్పే బాధ్యత మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారు తీసుకున్నారు. మబ్బు పడితే చాలు, కిందికొచ్చి కుర్చీ వేసుకుంటారు. ఆయన లేని రోజు నేను.

జులైలో 31 ట్యాంకర్లు వచ్చాయి. ఏప్రిల్‌లో 87 కదా, చూశారా అని గ్రూపులో పెట్టబోయాను...

---

విశ్రాంత_ఏఈ | ఆగస్టు 3, సాయంత్రం 5:40

పెట్టకు! జులైని జులైతో పోల్చు. వానాకాలంలో ఎవరికైనా తగ్గుతాయి.

---

బీబ్లాక్_సెక్రటరీ | ఆగస్టు 3, సాయంత్రం 6:10

పాత రసీదులు తీశాను. క్రితం జులైలో 44. అంటే 13 తగ్గాయి, ₹11,700. అదే పెట్టాను. నవ్వు బొమ్మలు రాలేదు. ఒకాయన మాత్రం "మరి పైపులకైన ఖర్చు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. పైపులు, వాల్వులు, మీటరు, సెన్సర్ కలిపి ₹64,000 అయింది, అది కూడా పలక మీద రాశాం. బోరు గుంత ఇంకా కట్టలేదు, డబ్బు సరిపోలేదు. వచ్చే మే లోపు.

ఎరువు సంగతి. రాములమ్మ గారిని అడిగాను. ఆవిడ మొదట అన్న మాట: "చేస్తా సార్, కానీ కలిపిన చెత్త ముట్టను." నెలకి ₹4,000 అదనం, బూట్లు, రబ్బరు తొడుగులు, సబ్బు. ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో ఫ్లాటుకి ₹84 పెంచితే వచ్చింది. దీని మీద గంటన్నర చర్చ జరిగింది. ట్యాంకరు మీద కూడా అంత చర్చ జరగలేదు! తొమ్మిది ఇళ్లతో మొదలుపెట్టాం. ఆకులు కాల్చడం ఆగింది. ఐదో అంతస్తు పెద్దాయన కిటికీలోంచి ఇప్పుడు కాకుల మీద కేకలేస్తున్నాడు.

---

కొబ్బరిపొట్టు | ఆగస్టు 3, రాత్రి 9:00

తొమ్మిది చాలు. నలభై ఎనిమిదితో మొదలుపెడితే మునిగేవారు. ఇంటికి అర కిలో అనుకున్నా రోజుకి నాలుగైదు కిలోలు, చెయ్యి తిరిగేదాకా అదే మంచిది. వానాకాలంలో డ్రమ్ము మీద రేకు కప్పు ఉండాలి. ఎండుటాకులు ఇప్పుడే గోనె సంచుల్లో నింపి పొడిచోట దాచండి, తడిసిన ఆకు పనికిరాదు. చవితికి పత్రి కూడా డ్రమ్ములో వెయ్యొచ్చు, దారాలు, జిగురు కాగితాలు తీసేసి.

---

పన్నుకడుతున్నా | సెప్టెంబరు 9, రాత్రి 10:30

ఇక్కడ చెప్పకుండా ఉంటే అబద్ధం అవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో నేను కూడా మొదలుపెట్టాను, తడి చెత్త కాదు, పొడి. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి పాత సామాన్లాయనకి ఇస్తున్నాం. ఆయన చెప్పిన మాట: ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెంచకండి, వేలాడనివ్వండి. ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరలేరు, కాలవల్లో చేరతాయి. నలభై ఏళ్ల నుంచి తెంచి పడేస్తున్నాను.

పన్ను మాట మాత్రం వెనక్కి తీసుకోను. వార్డు ఆఫీసుకి అర్జీ కూడా పెట్టాను. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే ఐదువేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చెయ్యాలన్నాయి. మా పని మేం చేశాం, వేరు చేసి ఇచ్చింది బండిలో మళ్లీ కలపొద్దని రాశాను. రసీదు తీసుకున్నాను.

---

హేమ_204 | సెప్టెంబరు 10, ఉదయం 8:15

ఆ అర్జీ నకలు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మాకూ కావాలి. మా డ్రమ్ములు మళ్లీ తెరిపించే ప్రయత్నంలో ఉన్నాను. ఈసారి జీతం పద్దుతో.

---

బీబ్లాక్_సెక్రటరీ | అక్టోబరు 12, రాత్రి 9:48

బతుకమ్మ అయింది. తొమ్మిది రోజుల తంగేడు, గునుగు, బంతి అంతా డ్రమ్ముల పక్కన కుప్ప. ఆడవాళ్లు దాన్ని చెత్తతో కలపొద్దన్నారు. పూలకి విడిగా జాలీతో ఒక పంజరం చేశాం. ఆ ఎరువు ఈ కాంపౌండ్‌లోని మొక్కలకే వెయ్యాలని షరతు.

ఇప్పుడు 31 ఇళ్లు. వీధిలో ఇంకో రెండు అపార్ట్‌మెంట్ల సెక్రటరీలు వచ్చి వాల్వు చూసి వెళ్లారు. ఏఈ గారి గుంత కొలతలు కాగితం మీద గీసి ఇచ్చాను, ముగ్గురం కలిసి ఒకే మేస్త్రీని పిలిస్తే తగ్గిస్తానన్నాడు.

రేపు మొదటి విడత ఎరువు జల్లెడ పట్టాలి. రాములమ్మ గారు ఇసుక జల్లెడ చాలంటున్నారు, మాస్టారు పిండి జల్లెడంత సన్నం కావాలంటున్నారు. ఏది?

---

కొబ్బరిపొట్టు | అక్టోబరు 12, రాత్రి 10:05

రాములమ్మ గారు చెప్పిందే. ఇసుక జల్లెడ, వాలుగా నిలబెట్టి పారతో వెయ్యండి. పైన మిగిలిన టెంకలు, కొబ్బరి పీచు, నిమ్మ తొక్కలు పారెయ్యకండి, మళ్లీ డ్రమ్ములో అడుగున వేసెయ్యండి. ఎరువు తడిగా ఉంటే జల్లెడ పట్టదు, పొద్దున పరిచి ఎండ తగలనిచ్చి సాయంత్రం పట్టండి.

---

బీబ్లాక్_సెక్రటరీ | అక్టోబరు 12, రాత్రి 10:11

సరే అక్కా. రేపు మబ్బు లేకపోతే.